పట్టపగలు నడిచిన రాపు

ఐస్ పెట్టెలో అయిదు వచ్చాయి.
తడి నాచులో చుట్టి, బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాడు
ముస్తలంపి సరస్సు ఒడ్డున ఉండే ఒస్మో.
మూతకి అంటించిన చీటీ మీద పెన్సిల్ రాత:
"పగలు తిరుగుతున్నాయి.
కొయ్యకాళ్ళు కట్టుకున్నట్టు నడుస్తున్నాయి.
వెల్లకిలా పడితే లేవడం లేదు. చూడండి."

రాపు అంటారు దాన్ని ఫిన్లాండులో.
మన రొయ్యకి పీత డెక్కలు అతికించినట్టుంటుంది.
రాత్రి జీవి. రాయి కింద కాపురం.
దొంగకి పాఠాలు చెప్పగలిగినంత జాగ్రత్త.
అలాంటిది ఎండలో, కొంగ చూస్తుండగా,
ఇసుక మీదికి నడిచొచ్చిందంటే
అదే మొదటి లక్షణం.
ఒంటికంటే ముందు భయం చచ్చిపోతుంది.

వెన్నెముక లేదని మనుషుల్ని తిట్టే భాషలో పుట్టాను.
పదకొండేళ్ళుగా
నిజంగానే వెన్నెముక లేనివాటి దగ్గర పని.
నాడి చూద్దామంటే మణికట్టు లేదు.
నాలుక చాపమనలేను.
జ్వరమూ తెలీదు, నీరెంత చల్లనో ఒళ్ళూ అంతే.
ఎన్నాళ్ళ నుంచి, అని అడిగితే
మీసాలు రెండూ కదిపి ఊరుకుంటుంది.
ఇక మిగిలింది కత్తెర.

హెల్కా తోక కింద మెత్తటి పొర కోస్తుంది,
ఉల్లిపొర కన్నా పల్చన.
గాజుపలక మీద పరిచి, నీటిచుక్క వేసి
"ముందు నువ్వు చూడు" అంటుంది ప్రతిసారీ,
తనకి ముందే తెలిసిపోయినట్టు
కిటికీ వైపు తిరిగి.

పొరలో దారాలు.
అడ్డుగోడల్లేని, కొసలు గుండ్రటి దారాలు,
ఎవరో కుట్టడం మొదలుపెట్టి
ముడి వేయడం మరిచినట్టు.
పక్కనే గోధుమరంగు మచ్చలు.
రాపుకి తెలిసిన యుద్ధం ఒక్కటే,
శత్రువు చుట్టూ నల్లగోడ కట్టడం.
సగం కట్టింది.
దారం రెండో వైపు నుంచి వెళ్ళిపోయింది.

ఎప్పుడో సముద్రం దాటించి తెచ్చి వదిలిన
ఇంకో జాతి రాపు ఉంది,
డెక్క కీలు దగ్గర తెల్లమచ్చ.
దానికి గోడ కట్టడం చకచకా వచ్చు.
జబ్బుని లోపల ఖైదు చేసుకుని
ఏళ్ళకేళ్ళు నిక్షేపంగా తిరుగుతుంది,
వెళ్ళిన ప్రతి నీటిలోనూ చల్లుకుంటూ.
చచ్చినవాటినే కోస్తాం మేము.
మోసుకొచ్చింది ఎక్కడో తింటూ ఉంటుంది.

సాయంత్రం ఒస్మో ఫోన్ చేశాడు.
"బుట్టలన్నీ ఆవిరిగదిలో పెట్టాను,
మా నాన్న పెట్టినట్టే, చెయ్యి కాలేదాకా.
ఒక్కటి తప్ప.
బావమరిది తావి ఇచ్చింది అది. వాన. పొద్దుపోయింది.
తడిగానే దింపాను."
తర్వాత ఫోన్‌లో పొయ్యి చిటపటలు మాత్రం వినిపించాయి.

నివేదికలో ఒక గడి ఉంటుంది, ఎలా వచ్చింది, అని.
హెల్కా రాసింది: తడి పరికరం.
ఎవరిది, అనే గడి ఆ కాగితంలో లేదు.
"నొప్పి తెలుస్తుందా వాటికి?" అన్నాడు.
హెల్కా అబద్ధమాడదు. తెలీదు, అంది.
"ఇప్పుడేం చెయ్యాలి?"
ఏమీ చెయ్యకూడదు. ఆగాలి.
ఆఖరి రాపు పోయాక తినడానికి ఒళ్ళు లేక
ఆ బూజూ పోతుంది.
సరస్సు పూర్తిగా ఖాళీ అయిన రోజునే
సరస్సుకి నయమవుతుంది.
తర్వాత కొత్తవి వదలొచ్చు. పట్టుకునేంత అవడానికి
ఇంకో ఎనిమిదేళ్ళు, పదేళ్ళు.
"నాకు డెబ్భై ఎనిమిది" అన్నాడు,
ఫిర్యాదులా కాదు, కొలత చెప్పినట్టు.

ఆగస్టు ఆఖర్లో మళ్ళీ పెట్టె.
ఊరంతా కాగితం టోపీలు పెట్టుకుని
ఎర్రగా ఉడికిన రాపుల ముందు కూచునే రోజులు.
భయపడుతూ మూత తీశాను.
సోయకూర. గొడుగుల్లా విచ్చిన పూలకంకులు, కట్టలు కట్టి.
రాపు ఉడికే నీళ్ళలో వేసేది.
చీటీలో ఒకే మాట: "ఎక్కువైంది."

హెల్కా బీకరులో నీళ్ళు పోసి పెట్టింది.
ఫార్మలిన్ వాసన మీద ఆ వాసన
రెండు రోజులు నిలిచింది.
వెళ్ళేటప్పుడు బూట్లు మందునీటిలో ముంచి,
ఒకసారి చాలదనిపించి,
మళ్ళీ ముంచాను.